మేడ మీది మధ్యవర్తి

ఇప్పుడు ఊరికొకడు ఉంటున్నాడు. మేడ మీద గది, రెండు స్క్రీన్లు, ఒక ఇన్వర్టరు, మెడలో హెడ్‌సెట్టు. జీతం బెంగుళూరిది, భోజనం దుత్తలూరిది. కరోనాకు ఇల్లు చేరి మళ్ళీ పోవడం మరిచిన ఈ జాతిలో మనవాడిది ఇంకా అరుదైన శాఖ. ఒక భాషలో రాసిన ప్రోగ్రాము చేత ఇంకో భాషలో రాసిన ప్రోగ్రాముకు పని చేయించడం అతని ఉద్యోగం. పైథాన్ దగ్గరున్న వివరాలు సీకి అందించాలి, సీ చెప్పింది రస్ట్ చెవిన వేయాలి.

"అంటే బ్రోకరు పనా అబ్బయా?" అన్నాడు బత్తాయి తోట బేరానికొచ్చిన పెద్దాయన. మనవాడు ఆయనతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. బ్రోకరుకు రెండు వైపుల మాటా తెలుస్తుంది. ఇక్కడ భాష దాటేటప్పుడు అర్థం గడప బయటే ఆగిపోయి, ఉత్త బైట్లు మాత్రం లోపలికి పోతాయి. ఈ నాలుగు బైట్లు వయసా, ధరా అన్నది రెండు వైపులా ముందే ఒప్పుకుని ఉండాలి. సీ వైపు నుంచి 1.0 అని నాలుగు బైట్ల దశాంశంగా వచ్చిన నిమ్మకాయ ధరను పైథాన్ వైపు పూర్ణాంకమని రాసుకున్నామా, 1065353216 అని చదువుతుంది. ఎర్రర్ కూడా రాదు. ఈ సంగతి విని వాళ్ళ నాయన, "ఆ రేటు ఏ మార్కెట్లోనో కనుక్కోరా, లోడు తోలేద్దాం" అన్నాడు.

అందుకే మనవాడికి పైకి కనిపించే లెక్క ఏదీ నమ్మబుద్ధి కాదు. ఒక బైటు అక్షరం, ఎనిమిది బైట్ల దశాంశం, మళ్ళీ ఒక బైటు అక్షరం వరసగా పెడితే మొత్తమెంత అని టీకొట్టు దగ్గర అడుగుతాడు. పది అన్నవాడు దొరికిపోయినట్టే. ఇప్పటి కంప్యూటర్ల మీద అది మామూలుగా 24. ఎనిమిది బైట్లది ఎనిమిదితో భాగింపబడే చోటే కూర్చుంటానంటుంది గనక మధ్యలో ఏడు, చివర ఏడు బైట్లు ఖాళీగా పోతాయి. పెద్దదాన్ని ముందు కూర్చోబెడితే 16తో సరి. ఈ రహస్యం తెలిశాక ఉదయగిరి బస్సులో ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పబోయి కండక్టరు చేత తిట్లు తిన్నాడు.

రస్ట్ ఈ సర్దుడు తనంతట తానే చేసుకుంటుంది. ఫీల్డుల వరస తన ఇష్టం. బయటివాళ్ళతో పంచుకోవాలంటే ఈ స్ట్రక్టును, అంటే ఇలా వరసగా పెట్టిన కట్టను, సీ పద్ధతిలోనే అమర్చమని పైన ప్రత్యేకంగా రాసి దాని చేతులు కట్టేయాలి. నాకు ముచ్చటేసేది ఇదే. సీతో ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు మాట్లాడుకోవాలన్నా ఎక్కువసార్లు సీ పద్ధతే దిక్కు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ యూనిక్స్ పనికోసం చేసిన భాష, ఇన్నేళ్ళ తర్వాత దుత్తలూరు మేడ మీద పంచాయతీ పెద్ద. ఆ పెద్ద మాటకూ నిలకడ లేదు. 'లాంగ్' అనే పూర్ణాంకం 64 బిట్ల లినక్స్‌లో ఎనిమిది బైట్లు, విండోస్‌లో నాలుగే.

పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలవడానికి 2006లో పైథాన్ 2.5తో పాటు వచ్చిన సీటైప్స్‌ది ఇంకో తిక్క. సీ ఫంక్షను ఏమి తిరిగిస్తుందో మనం చెప్పకపోతే మామూలు పూర్ణాంకమే అనుకుంటుంది. వచ్చింది ఎనిమిది బైట్ల చిరునామా అయితే సగమే చేతికొస్తుంది. సగం చిరునామా పట్టుకుని పోయిన ప్రోగ్రాము చాలాసార్లు అక్కడికక్కడే కూలుతుంది. "సెగ్మెంటేషన్ ఫాల్ట్!" అని అర్ధరాత్రి మేడ మీది నుంచి కేక. "ఫాల్టయితే లైన్‌మన్‌కు ఫోన్ చెయ్యకుండా మమ్మల్నెందుకు లేపతావురా?" అని కింది నుంచి అమ్మ.

అమ్మతో అసలు తగువు గిన్నెల దగ్గర. మెమరీ ఎవరు తీసుకున్నారో వాళ్ళే వదిలిపెట్టాలన్నది మనవాడి మతం. సీ తీసుకున్నది సీయే విడిపించాలి. పైథాన్ ఇచ్చినదాన్ని సీ ఇంకా వాడుకుంటుండగానే పైథాన్ ఊడ్చి పారేసిందా, అంతే సంగతులు. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళప్పుడు పక్కింటి అత్త గిన్నెలో పొంగలి పంపింది. మనవాడు దాన్ని ఖాళీ చేసి, కడిగి, తుడిచి, అప్పటికప్పుడు తిరిగిచ్చి వచ్చాడు. అమ్మ తల పట్టుకుంది. "ఉత్త గిన్నె ఇస్తారంట్రా యాడన్నా? నాలుగు బత్తాయిలన్నా వేసి ఇయ్యకపోతివి!" ఏమైనా మిగిల్చి వదిలేస్తే దాన్ని లీకంటారని వీడి వాదన. అసలు ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో లెక్కేదీ అని ఎదురు నిలదీశాడు. అమ్మ అలమరలోంచి ఇంకో గిన్నె తీసి, అంచు మీద కొట్టించిన పేరు చూపించింది.

ఆ పేరును మనవాడు చాలాసేపు చూశాడు. పెద్ద పెద్ద పట్టికలను కాపీ చేయకుండా భాషల మధ్య పంచుకోవడానికి అపాచీ ఆరో అని ఒక పద్ధతి ఉంది. అందులో సరుకుతో పాటు, దాన్ని విడిపించే ఫంక్షను చిరునామా కూడా అదే స్ట్రక్టులో రాసి పంపుతారు. పుచ్చుకున్నవాడు పనయ్యాక ఆ ఫంక్షన్ను పిలిస్తే చాలు, ఎవరు తెచ్చారో, ఎక్కడ తెచ్చారో ఆరా తీయక్కర్లేదు. ఇది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉందని మర్నాడు ఆఫీసు మీటింగులో గిన్నె పైకెత్తి చూపించాడట.

ఇంత తంటా ఎందుకన్నా, అంతా జేసన్ అనే మామూలు అక్షరాల రూపంలో రాసి పంపెయ్యరాదా అని ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు అడుగుతుంటారు. చిన్న సరుకుకు అదే సుఖమని మనవాడికీ తెలుసు. పైకి అనడు.

పెళ్ళి మాత్రం కుదరడం లేదు. ఆత్మకూరు పెళ్ళిళ్ళ పేరయ్య వాట్సాప్‌లో పంపిన ప్రతి బయోడేటానూ తిప్పి పంపుతాడు. వెర్షన్ నంబరు లేదంటాడు. ఇంటిపేరు ఒకరు ముందు రాశారు, ఒకరు వెనక రాశారంటాడు. ఎత్తు 162 అని రాసి వదిలేస్తే ఏమని అనుకోవాలంటాడు. మొన్న వింజమూరు సంబంధానికి పేరయ్య విసుగొచ్చి ఈ అభ్యంతరాలన్నీ పొల్లుపోకుండా పిల్లకే చేరవేశాడు. సాయంత్రానికి ఆ అమ్మాయి దగ్గర్నుంచి నేరుగా మెసేజ్ వచ్చింది: "ఎత్తు సెంటీమీటర్లలో. మీ బయోడేటాలో జీతం 18 అని ఉంది. వేలా, లక్షలా? నెలకా, ఏడాదికా?"