ఉద్దెర మెమరీ

చందుర్తిలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో పాత కంప్యూటర్ మొరాయిస్తోందని ఎవరి చెవినైనా వేసి చూడండి. "వర్చువల్ మెమరీ పెంచు" అన్న వైద్యం ఉచితంగా దొరుకుతుంది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్... చివరి గడిలో 4095 అని కొట్టి రీస్టార్ట్ చేస్తే రోగం కుదిరినట్టేనట! నేను మాత్రం ఈ వైద్యాన్ని నమ్మను. వర్చువల్ మెమరీ కిరాణా కొట్టులో ఉద్దెర పద్దు వంటిది. నెలాఖరు గండం గట్టెక్కిస్తుంది, కాదనను. కానీ సేటు పద్దు పెంచాడని ఎవరి జీతమూ పెరగలేదు.

పద్ధతి మాత్రం గొప్పదే. 1962లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం చేసిన అట్లాస్ కంప్యూటర్ చిన్న మెమరీ వెనక తిరిగే డ్రమ్మును పెట్టి, రెండూ ఒకటేనని ప్రోగ్రాముల్ని నమ్మించింది. ఇప్పటి విండోస్ చేసేదీ అదే: ర్యామ్ నిండితే వాడని సరుకును 4 కేబీ పేజీలుగా హార్డ్ డిస్క్‌లోని పేజ్ ఫైల్‌కు తరలిస్తుంది. చిక్కంతా తిరిగి తెచ్చుకోవడంలోనే. ర్యామ్‌తో పోలిస్తే తిరిగే డిస్క్ సుమారు లక్ష రెట్లు నిదానం. ర్యామ్ ఒక్క సెకనులో ఇస్తుందనుకుంటే, డిస్క్‌కు 27 గంటలు దాటుతుంది! తెచ్చిన పేజీ కోసం ఇంకోదాన్ని పంపడం, పంపినదాన్నే మళ్లీ పిలవడం... ఈ తంతును కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లోనే విశ్లేషించి చూపాడు. మన ముందు కనిపించేది మాత్రం ఆరకుండా మిణుకుమనే డిస్క్ లైటు, కదలని మౌస్ బాణం, తెల్లబోయిన కిటికీ నెత్తిన "నాట్ రెస్పాండింగ్".

అసలు దోషి ప్రోగ్రాముల ఆకలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డు చేసుకుంటే 2 జీబీ మిషను కిమ్మనదు. పక్కనే ఫోటోషాప్‌లో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ తెరవండి. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు బొమ్మకు అంగుళానికి 72 చుక్కలు పెడితే నిండా పరిచిన ఒక్క పొరకే సుమారు 134 ఎంబీ. నాయకుడి మీసం మరింత స్పష్టంగా రావాలని 300 పెడితే అదే పొర 2.3 జీబీ! పైగా ఫోటోషాప్ విండోస్ పద్దును నమ్ముకోదు, స్క్రాచ్ డిస్క్ అని తనకంటూ వేరే ఉద్దెర తెరుస్తుంది. రోడ్డు మీద నుంచి చూసే మీసానికి 72 చాలు.

"ఇంత నిదానమైతే పేజ్ ఫైల్ తీసేస్తే పోలా?" అంటారు. పోదు. ప్రోగ్రాములకు విండోస్ ఇవ్వగలిగే హద్దు ర్యామ్, పేజ్ ఫైల్ కలిపినంత. రెండోది తీసేస్తే నిదానం బదులు మరణమే. సేవ్ చేయని పెళ్లి కార్డు ముహూర్తంతో సహా పోతుంది. "ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టాలి కదా?" అన్నది ఎక్స్‌పీ కాలపు లెక్క. పెన్ డ్రైవ్ గుచ్చే రెడీబూస్ట్ 2007 నాటి విస్టా ముచ్చట. అది డిస్క్‌కు కాస్త ఊతం, ర్యామ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

కాబట్టి పేజ్ ఫైల్ సంగతి విండోస్‌కే వదిలేయండి, వాడని క్రోమ్ ట్యాబులు మూయండి. చేతిలో నాలుగు డబ్బులుంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఉద్దెర అక్కడ అంత బాధించదు. ర్యామ్ కొనబోతే మాత్రం పాత స్టిక్‌ను వెంట తీసుకెళ్లండి. డీడీఆర్2 స్లాట్‌లో డీడీఆర్3 ఎంత నొక్కినా పట్టదు.