నడిస్తే నేరం, నిలిస్తే వింటేజ్

సర్కారు వారి పంచాంగంలో కారు జాతకం చాలా సులువు. పదిహేనేళ్ల దాకా అది బండి. పదిహేను దాటిన మర్నాటి నుంచి ముద్దాయి. యాభై నిండాయా, ఒక్కసారిగా పూజనీయురాలు. ఈ మధ్య ముప్ఫై అయిదేళ్లూ ఏం చేయాలయ్యా అంటే, అయిదేళ్లకోసారి ఆర్టీవో గడప తొక్కి ‘నేనింకా బతికే ఉన్నాను’ అని రుజువు చేసుకోవాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకు మెట్లెక్కే పెద్దాయనకి చివర్న పింఛనైనా వస్తుంది. కారుకి మాత్రం బతికున్నందుకు రుసుము.

భివండి నార్పోలిలో సాంచెలు (మరమగ్గాలు) టకటకలాడే ఓ గల్లీలో ఇలాంటి ముద్దాయి ఒకటుంది. ప్రీమియర్ పద్మిని. నంబరు ఎంహెచ్-04, రంగు ఒకప్పుడు క్రీము. యజమాని తండ్రి సిరిసిల్ల నుంచి భివండికొచ్చి పద్మనగర్‌లో స్థిరపడ్డ పద్మశాలి. పద్మశాలి ఇంటికి పద్మిని కాక ఇంకెవరొస్తారు కోడలిగా! కొడుకులు కొత్త ఎస్‌యూవీ కొందామంటారు. ముసలాయన వినడు. “గిది ముసల్దంటరు గని, దీని కన్న నా సాంచెలు పెద్దయి. వాటినెవడన్న ఫిట్‌నెస్ అడుగుతుండా?” అంటాడు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగల అధికారి ఠాణే జిల్లాలో ఉన్నట్టు లేదు.

పద్మిని పుట్టిల్లు పరాయి దేశమేమీ కాదు, పక్కనున్న కుర్లా. ఫ్యాక్టరీ పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్‌ది షోలాపూర్, అంటే మన నేతగాళ్ల ఇంకో పుట్టిల్లు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా అక్కడ తయారైన కారుకే 1974లో పద్మిని అని పేరు పెట్టారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు, ముందు వరసలో పొడుగాటి ఒకే సీటు. ఆ సీటు మీద డ్రైవరు కాక ఇద్దరు పెద్దలు, ఒళ్లో ఒక పిల్ల, పిల్ల ఒళ్లో టిఫిన్ డబ్బా. సీటు బెల్టు అనే మాట అప్పటికి మనకి విమానాల్లోనే తెలుసు. కారు కొనడమంటే అప్పు చేయడమే, ప్రధానికైనా సరే: లాల్ బహదూర్ శాస్త్రి 12,000 పెట్టి ఫియట్ కొనడానికి 5,000 బ్యాంకు అప్పు చేశాడు, ఆయన పోయాక ఆ బాకీని భార్య పింఛనులోంచి తీర్చింది. ఇవాళ ఆ కారు ఢిల్లీలో ఆయన స్మారకంలో ఉంది. కదలకుండా ఉంది కాబట్టి గౌరవంగా ఉంది.

సూత్రమంతా అక్కడే ఉంది మరి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పుట్టినప్పటివే ఉండాలి, పెద్ద మరమ్మతులేవీ జరిగి ఉండకూడదు. 20,000 కడితే ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేకమైన ప్లేటు ఇస్తారు. ఇచ్చాక రోజువారీగా మాత్రం రోడ్డెక్కొద్దంటారు. ప్రదర్శనకి పోవచ్చు, ర్యాలీకి పోవచ్చు, పెట్రోలుకీ మెకానిక్కు దగ్గరికీ పోవచ్చు. కూరగాయలకి పోతే నేరం. మరమ్మతు లేకుండా యాభై ఏళ్లు బతకాలంటే ఆ బండి ఏ జమీందారు షెడ్డులోనో ముసుగు తన్ని పడుకుని ఉండాలి. యాభై ఏళ్లూ సంసారాన్ని మోసిన బండికి రింగులు మార్చారు, పిస్టన్లు మార్చారు, కింద రేకులు అతికారు. చాకిరీ చేసింది కాబట్టి వారసత్వం కిందికి రాదు.

బొంబాయి టాక్సీల సంగతి చూడండి. ఆఖరి పద్మిని టాక్సీ తాడ్‌దేవ్ ఆర్టీవోలో రిజిస్టరైంది 2003 అక్టోబరు 29న. ఇరవయ్యేళ్ల గడువు తీరగానే 2023 అక్టోబరు 30 నుంచి నగరం రోడ్ల మీద వాటికి చోటు లేదు. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే పద్మిని పేరుతో వచ్చిన తొలి కార్లకి యాభై నిండాయి. మనవరాలిని ముసలిదని వెళ్లగొట్టి, నానమ్మకి శాలువా కప్పారన్నమాట.

ఇక బతికించుకునే భాగోతం. పాత పద్మిని కొనబోయేవాడు జేబులో డబ్బుకన్నా ముందు అయస్కాంతం పెట్టుకోవాలి. నిగనిగలాడే తలుపు అడుగున అది అతుక్కోకుండా జారిందంటే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. భివండి వానాకాలం ఏ రేకునీ క్షమించదు. ఎండాకాలంలో ఇంకో తమాషా: అంజూర్‌ఫాటా ట్రాఫిక్‌లో బండి ఆగిపోతుంది, పంపులో పెట్రోలు ఆవిరై లాక్ అవుతుంది. అప్పుడు బానెట్ ఎత్తి, తడిగుడ్డ పిండి పంపు మీద వేసి, నిలబడి బీడీ కాల్చాలి. గుడ్డకి కొదవ లేని ఊరు కాబట్టి సరిపోయింది. సాంచెల దూది ఎయిర్ ఫిల్టర్‌ని మూసేస్తుంది, ప్లాటినం పాయింట్ల మధ్య అట్టముక్క పెట్టి సందు సరిచేయాలి. అయినా పద్మినికి ఈ ఊళ్లో చావు లేదు. సాంచె బుష్‌లు తిరగేసే ఖరాద్ (లేత్) దుకాణం ఉన్నచోట కారు బుష్ ఒక లెక్కా? అక్కడా కుదరకపోతే కుర్లా సీఎస్టీ రోడ్డు ఉండనే ఉంది. పుట్టింటివాళ్లు ముక్కలుముక్కలుగానైనా ఆదుకుంటారు.

ఖరాద్‌వాడు ఆదుకున్నా సర్కారు ఊరుకోదు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటినవాటికి 10,000 అన్నారు. ఆపైన రాష్ట్రం వారి పర్యావరణ పన్ను, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు. ముసలాయన బండిలో ఇప్పుడు తుప్పు పట్టని భాగం ఆ ప్లేటొక్కటే. ఇవి చాలవన్నట్టు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపారు. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలూ గాస్కెట్లూ మార్చుకోవాల్సి రావచ్చని వాళ్లే సెలవిచ్చారు. అంటే పండు ముసలిదాని నోట్లో మందు పోసేదీ వాళ్లే, ఎందుకు తూలుతున్నావని గద్దించేదీ వాళ్లే.

పద్మిని పొగ మల్లెపూల వాసనేమీ కాదు. కెటలిటిక్ కన్వర్టర్ లేని పాత కార్బురేటర్ ఇంజను కిలోమీటరుకి కొత్త కారుకన్నా చాలా ఎక్కువే కక్కుతుంది, ఆ మాట దాచడం దొంగతనం. కానీ అడగాల్సింది ఎన్ని కిలోమీటర్లని. ఈ బండి ఆదివారం పూట కామత్‌ఘర్ వరాలదేవి చెరువు దాకా పోతుంది, మహా అయితే కల్యాణ్ పెళ్లికి పోతుంది. దాని వెనకాల గోదాముల లారీలు గంటలకొద్దీ ఇంజను ఆపకుండా గుర్రుమంటుంటాయి. సైజింగ్ బాయిలర్ల చిమ్నీలు పగలూ రాత్రీ ఆకాశానికి నలుపు అద్దుతుంటాయి. పన్ను పొగ మీద వేయాలంటే పొగని కొలవాలి, తిరిగిన దూరాన్ని కొలవాలి. పుట్టినతేదీ మీద వేస్తే కంప్యూటరే చూసుకుంటుంది. కంప్యూటరుకి దగ్గు రాదు కదా.

‘తుక్కు చెయ్యి, కొత్తది కొను, రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ’ అన్నది 2021 నాటి తుక్కు విధానం సారం. ఊపిరితిత్తుల పేరు చెప్పి షోరూముకి దారి చూపడం. కొత్త బండి అయిదేళ్ల వాయిదాలు కట్టేలోపు సాంచెల ధరెంత పడిపోతుందో, ఎన్ని సాంచెలు కిలోల లెక్కన భంగార్‌కి పోతాయో చెప్పే ప్రకటన మాత్రం ఇంతవరకు చూడలేదు.

అసలు వినోదం ఇంకా చెప్పలేదు. 1982 జనవరి మిల్లు సమ్మె తర్వాత బొంబాయి బట్టంతా ఈ ఊరి మీద పడింది. అంతకు ముందు నుంచే నడుస్తున్న మగ్గాలు ఇక్కడ ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. వాటి వయసు చూసి ఢిల్లీ కోప్పడలేదు సరికదా, కరిగిపోయింది. 2017 ఏప్రిల్ 1న కేంద్ర జౌళి మంత్రి ఈ భివండిలోనే పవర్‌టెక్స్ ఇండియా పథకం ప్రారంభించారు. పాత ప్లెయిన్ సాంచెకి కొత్త కిట్టు బిగించుకుంటే ఖర్చులో సగం సబ్సిడీ, ఎస్సీ ఎస్టీలకి ఇంకా ఎక్కువ అన్నారు అప్పట్లో. పాత యంత్రాన్ని పారేయనక్కర్లేదు, ఉన్నచోటే బాగుచేసుకోవచ్చని సర్కారే ఒప్పుకుంది, తారీఖు ఏప్రిల్ ఒకటే అయినా.

ముసలాయన ఈ మధ్య ఆ పథకం కాగితాలు వెతికిస్తున్నాడు. “డిక్కీల ఒక నాడె బిగిస్త. బండి కాదు, నాలుగు చక్రాల సాంచె అని రాసిస్త. ఆర్టీవోల పదివేలు కట్టుడెందుకు, జౌళి శాఖనే ఎదురు పైసలిస్తది!” అంటున్నాడు. పెద్ద కొడుకు నవ్వుతున్నాడు. చిన్నకొడుకు మాత్రం ఇంజనుకీ నాడెకీ బెల్టు ఎటునుంచి వేయాలో ఫిట్టర్‌ని అడిగొచ్చాడు.