గోడలు నాలుగు, తరగతులు ఐదు: సర్దడం ఎలా?

డీఎస్సీలో నెగ్గి, కౌన్సెలింగ్‌లో ఊరు కోరుకుని, తీరా ఆ ఊరికి బస్సు లేదని తెలిసి, ఎవరి బండి వెనకాలో ఎక్కి బడి గుమ్మం ముందు దిగిన కొత్త ఎస్జీటీ గారికి అభినందనలు. ఈ బడికి హెడ్మాస్టరు మీరే. ఒకటో తరగతి టీచరు మీరే, ఐదో తరగతి టీచరూ మీరే. గుమాస్తా, గంట కొట్టే మనిషి, తాళాలు తీసే మనిషి కూడా మీరే. స్టాఫ్ మీటింగులో మీ మాటకు ఎదురు చెప్పేవాళ్లుండరు. ఇంతటి అధికారం జిల్లా కలెక్టరుకు కూడా లేదు.

ఒంటరినైపోయానని బెంగ వద్దు. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం మీ బడిలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలలు దేశంలో లక్షకు పైనే ఉన్నాయి. అందులో 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి ర్యాంకు. ర్యాంకులంటే మనకెంత ఇష్టమో వేరే చెప్పాలా! ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంటూ 1987లోనే ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలుపెట్టారు. అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో కూడా రాసిపెట్టారు. కాబట్టి రెండో టీచరు బయల్దేరే ఉంటారు, దారిలో ఉన్నారు. వాళ్లు వచ్చి చేరేదాకా ఈ సూచనలు పాటించండి.

ముందు పిల్లల్ని కూర్చోబెట్టాలి. తరగతికో గోడ చొప్పున ఇద్దామంటే ఒక తరగతి మిగిలిపోతుంది. గది కట్టిన కాంట్రాక్టరుకు ఈ లెక్క తట్టలేదు. ఒకటో తరగతిని గుమ్మం పక్కనే పెట్టండి. చిటికెన వేలు పైకి లేచి “ఒంటికండీ” అని వినపడ్డాక మీ చేతిలో ఉండే వ్యవధి చాలా తక్కువ. రెండు, మూడు తరగతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టొద్దు. అన్నదమ్ములుంటారు, ఇంటి తగాదాలు బడిదాకా వస్తాయి. నాలుగో తరగతిని బీరువా వైపుకు తిప్పండి. మిగిలిపోయిన ఐదో తరగతికి వరండా. బయట పడేశారని వాళ్లేమీ బాధపడరు, పైగా అదొక హోదా అనుకుంటారు. దూరంగా వచ్చే బండి చప్పుడు విని అది తనిఖీకి వచ్చే సీఆర్పీ గారిదా, చేపలు అమ్మే అతనిదా అని చెప్పేయగలరు. ఐదో తరగతి అభ్యసన ఫలితాల జాబితాలో ఈ నైపుణ్యం లేదు గానీ, మీకు అందరికన్నా ముందు పనికొచ్చేది ఇదే.

ఇక టైంటేబుల్. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని చట్టం. అంటే రోజుకు నాలుగు గంటలు. ఐదు తరగతులకు పంచితే తలా 48 నిమిషాలు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అనుకుంటే సబ్జెక్టుకు పన్నెండు. ఈ లెక్క చార్టు మీద స్కెచ్ పెన్నులతో రాసి గోడకు అంటించండి, చూడ్డానికి బావుంటుంది. ఆ పన్నెండు నిమిషాల్లో మూడు “పుస్తకాలు తియ్యండి” అనడానికీ, ఇంకో మూడు “ఆ పుస్తకం కాదు” అనడానికీ పోతాయి.

ఆ పుస్తకమే అయితే, ఆ పేజీ కాకపోవచ్చు. ఇప్పుడు లెక్కల పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. బొమ్మలు కూడా అవే. ఈ పక్క ఐదు మామిడికాయలుంటే ఆ పక్కా ఐదు. “ఎన్ని కాయలున్నాయి?” అని అడిగితే ఒకటో తరగతి పిల్లాడు వేళ్లు ముడుచుకుంటూ రెండు పేజీలూ లెక్కపెట్టి “పది” అంటాడు. తప్పని కొట్టేయకండి. వాడికి కూడికలు వచ్చేశాయి, మీకు ఒక పాఠం మిగిలింది.

పిల్లల మధ్య న్యాయం చెప్పడం మీ కొలువులో పెద్ద భాగం. దీనికి బీఈడీలో గానీ డీఈడీలో గానీ పేపరు లేదు. “టీచర్, వీడు నా వైపు చూస్తున్నాడండి” అనేది చిన్న కేసు. ఇద్దరినీ గోడ వైపు తిప్పితే సరిపోతుంది, గోడ ఖాళీగా ఉంటే. రబ్బరు కేసులు అంత తేలిగ్గా తేలవు. ఒకసారి నా ముందుకు సెంటు వాసన రబ్బరొకటి వచ్చింది. మూలంతా కొరికేసి ఉంది, పంటి గాట్లు స్పష్టంగా కనపడుతున్నాయి. ఫలానా అమ్మాయే కొరికిందని ఫిర్యాదు, నలుగురు సాక్షులు కూడా. ముద్దాయిని నోరు తెరవమన్నాను. ముందరి పళ్లు పైవి రెండూ లేవు, కిందివి రెండూ లేవు. కేసు కొట్టేశాను. అప్పుడు సాక్షులందరి నోళ్లూ తెరిపించాలని ముద్దాయి పట్టుబట్టింది. ఆ రోజు రెండో తరగతి ఇంగ్లీషు పాఠం జరగలేదు గానీ, పాలపళ్లు ఎన్ని, ముందు ఏవి ఊడతాయి అన్నది మాత్రం తరగతి మొత్తానికీ తెలిసింది.

శిక్షల సంగతంటారా, గోడకుర్చీ, గుంజీలు, బెత్తం అన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌తో పోయాయి. మానసికంగా వేధించడం కూడా కూడదని అందులో ఉంది. అది పిల్లల్ని వేధించడం గురించి మాత్రమే, ఇంకెవరి గురించో అనుకుని మురిసిపోకండి.

రోజులో ముందుగా పెట్టుకోవలసిన పీరియడ్ ఫోను పీరియడ్. మీ మొహం ఫోటో, పిల్లల హాజరు, కోడిగుడ్డు, దేనికుండే చోటు దానికుంది. వరసలు తప్పకుండా చూసుకోండి. సిగ్నలు గదిలో ఉండదు. వాటర్ ట్యాంకు మెట్ల మీద, నాలుగో మెట్టు దగ్గర దొరుకుతుంది. మీరు అక్కడ నిలబడి ఫోను ఆకాశానికి చూపిస్తుంటే వరండాలోని ఐదో తరగతి “వచ్చిందాండీ?” అని అరుస్తుంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అప్పటికి యాపుల సంగతి ఎవరికీ తోచినట్టు లేదు. ఎన్నికలు ఎప్పుడూ ఉండేవే. 2027 జనగణన కూడా వచ్చేసింది కాబట్టి మీ చేతికి పని లోటుండదు.

ఇంత హడావుడిలో అప్పుడప్పుడు చదువు చెప్పాల్సి వస్తుంది. ఆ ప్రమాదానికి కూడా సిద్ధంగా ఉండండి. తీసివేతలే తీసుకుందాం. బోర్డు మీద 42 లోంచి 17 తీసెయ్యమని మూడో తరగతికి ఇచ్చారు. ఒక పాప ధీమాగా 35 అని వేస్తుంది. అదెలాగమ్మా అంటే, “రెండులోంచి ఏడు పోదు కదండీ, ఏడులోంచి రెండు పోతుంది” అంటుంది. లోకం తెలిసిన మాట, కాదనలేం. అప్పుడు మీరు తరతరాలుగా వస్తున్న మంత్రం చదువుతారు: పక్కింటికెళ్లి ఒక పది అప్పు తెచ్చుకో. నాలుగు మూడవుతుంది, రెండు పన్నెండవుతుంది. జవాబు 25. అందరూ తలలూపి పలకల మీద ఎక్కించుకుంటారు. వెనక నుంచి ఒకడు లేస్తాడు. “ఆ అప్పు ఎప్పుడు తీరుస్తామండీ?”

వాడింట్లో డ్వాక్రా వాయిదా తేదీ అందరికీ కంఠతా వచ్చు. అప్పు తెచ్చి తీర్చకపోతే గ్రూపులో పరువేం కావాలి? దీనికి ఒక విరుగుడుంది. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ పిల్లల చేతికివ్వండి. పదిహేడు తీసిమ్మనండి. విడి పుల్లలు చాలకపోతే వాళ్లే ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పేస్తారు. అప్పు ఎవరిదీ కాదు, మన నోటే చిల్లరగా మార్చుకున్నామని తెలిసిపోతుంది. అయినా ఈ పని చెయ్యకండి. తీసివేత నిజంగా అర్థమైతే ఆ పాఠం మీద మూడు రోజులు గడిచిపోతాయి, సిలబస్ వెనకపడుతుంది, పాఠ్యప్రణాళికలో ఆ మూడు రోజులకు ఏం రాయాలో తోచక మీరు స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో నిలబడాలి.

పైగా ఇంకో తలనొప్పి. మీరు పుల్లలు పంచింది మూడో తరగతికి. అవతలి గోడకు ముక్కు ఆనించి గుణింతాలు రాసుకోవలసిన రెండో తరగతి పిల్లాడు మెడ తిప్పి ఇదంతా చూస్తూ ఉంటాడు. నాలుగో తరగతికి పదమూడో ఎక్కం అప్పజెప్పమంటే ఆగినచోట వాడు అందిస్తాడు. ఐదో తరగతిలో మాత్రం ఒకడు ఒత్తులు వస్తే ఆగిపోయి, ఒకటో తరగతి బొమ్మల పుస్తకం చాటుగా తీసుకుని చదువుకుంటుంటాడు. మీ గదిలో ఐదు తరగతులు లేవని త్వరలోనే మీకు తెలిసిపోతుంది. ఎంతమంది పిల్లలుంటే అన్ని తరగతులున్నాయి, ఒక్కొక్కరు ఒక్కో మెట్టు మీద. ఐదు తరగతులుండేది హాజరుపట్టీల్లోనే.

ఈ సంగతి పైకి పొక్కనివ్వకండి. ఫారాల్లో అలాంటి వాళ్లకు గడి లేదు. నాలుగో ఎక్కం రావలసిన వయసులో పదమూడో ఎక్కం వచ్చినవాడికి ఎక్కడ టిక్కు పెడతారు? మూడో తరగతికల్లా అందరికీ చదవడం, లెక్కలు రావాలన్న నిపుణ్ భారత్ 2021లో మొదలైంది, 2026-27 గడువు పెట్టారు. లక్ష్యం బంగారం లాంటిదే. అందుకోసం మీరు నింపే పట్టికలు మాత్రం పిల్లాడు ఎక్కడున్నాడో అడగవు, వాడి తరగతి ఎక్కడుండాలో అడుగుతాయి.

చెడు సావాసాల గురించి కూడా హెచ్చరించాలి. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి ఒంటి టీచరు బడులు నడిపారు. తరగతుల వారీ పాఠాలు పక్కన పెట్టి, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడకు ఒక నిచ్చెన పటం తగిలించారు. పిల్లాడు నిచ్చెన మీద తన మెట్టు చూసుకుంటాడు, దాని గుర్తున్న కార్డు తీసుకుంటాడు. కొన్ని టీచరు దగ్గర, కొన్ని తోటిపిల్లల దగ్గర, కొన్ని ఒంటరిగా చేసుకుంటాడు. పది రోజులు జ్వరంతో మంచాన పడి వచ్చినా ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ ఎక్కుతాడు. కర్ణాటక నలికలి, తమిళనాడు కార్డుల పద్ధతి అక్కడి నుంచి నేర్చుకున్నవే. మీరు దీన్ని శిక్షణ తరగతిలో వినవచ్చు, చప్పట్లు కొట్టవచ్చు. శిక్షణలో టీ తాగేటప్పుడు ‘రైలుబడి’, ‘పగటికల’ చదవమని ఎవరో సిఫార్సు చేస్తారు, అవీ చదవండి. కానీ సోమవారం బడికొచ్చి కార్డులు చెయ్యడం మొదలుపెట్టారంటే పాఠ్యప్రణాళికలు ఐదింటికి ఐదూ ఎప్పుడు రాస్తారు?

తనిఖీ రోజు గురించి రెండు ముక్కలు. నోట్సులు దిద్ది ఉండాలి, చాకుపీసు పొడి కనపడాలి, కూరలో కూరగాయలు కనపడాలి. వీటన్నిటికన్నా కష్టం పిల్లల నోటికి తాళం వెయ్యడం. “ఇవాళ పప్పు గట్టిగా ఉందేంటండీ, ఎవరొస్తున్నారు?” అని వంటామెను అడగొద్దని ముందే చెప్పిపెట్టండి. చెప్పినా లాభం ఉండదు. ఒక బడిలో వచ్చిన అధికారి ఒకటో తరగతి పాపను దగ్గరికి తీసుకుని “మీ టీచరు రోజూ ఏం చెప్తారమ్మా?” అని అడిగారు. ఆ పాప ఫోను పట్టుకున్నట్టు రెండు చేతులూ పైకెత్తి, ఒక కన్ను మూసి, “అందరూ ఇటు చూడండి, కదలకండి అని చెప్తారండి” అంది. ఆయన నవ్వేసి, అదే పాపతో ఒక ఫోటో దిగి, అప్‌లోడ్ చేసుకుని వెళ్లారు.

ఏదో ఒక ఏడు బదిలీల్లో మీకూ వేరే ఊరు వస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకు ఛార్జి అప్పజెప్పేటప్పుడు సామాన్ల జాబితా రాయాలి: కుర్చీలు, గంట, తక్కెడ, గుండుసూదుల డబ్బా, పగిలిన గ్లోబు. ఎవరికి ఒత్తులు రావు, ఎవరికి చీపురుపుల్లలు ఇస్తే చాలు, రెండో తరగతిలో పదమూడో ఎక్కం ఎవరికి వచ్చు అన్నవి ఆ జాబితాలో అడగరు. రాయాలనిపిస్తే విడిగా ఒక తెల్ల కాగితం మీద రాసి కొత్తవాళ్ల చేతికే ఇవ్వండి. బీరువాలో పెట్టొద్దు, దాని తాళం చెవి అంతకు ముందు పనిచేసినవాళ్ల దగ్గరే ఉండిపోయింది.