చీకటి పెట్టెలో ఒక గాజు గొట్టం: కాంతి విద్యుత్ ఘటం ఆత్మకథ

తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, లోపలంతా నల్లరంగు పూసిన పెట్టెలో ఉండే ఈ గాజు గొట్టం తన కథ చెప్పుకోవాలంటే కడుపులోని రెండు లోహాలతోనే మొదలుపెట్టాలి. గాలి తీసేసిన ఈ గొట్టంలో ఒక వైపు గాజుకు లోపలి నుంచి పట్టించిన పొటాషియం పూత ఉంది. వెలుగు పడగానే ఎలక్ట్రాన్లను వదిలే ఆ పూత కాథోడ్, దాని ఎదుట నిలబడి వాటిని అందుకునే ప్లాటినం తీగ వలయం ఆనోడ్. ఎలక్ట్రాన్ లోహాన్ని దాటి బయటపడటానికి కావలసిన కనీస శక్తిని పని ప్రమేయమనీ, ఆనోడ్‌కు ఎదురు ఓల్టేజి ఇస్తూ పోతే ఎంత దగ్గర ప్రవాహం పూర్తిగా ఆగుతుందో దానిని నిరోధక పొటెన్షియల్ అనీ అంటారు.

ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకం పొటాషియం పని ప్రమేయాన్ని 2.30 ఎలక్ట్రాన్ ఓల్టులుగా ఇస్తుంది. నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో 1240ని భాగిస్తే ఫోటాన్ శక్తి వస్తుంది కనుక, మెర్క్యురీ దీపపు 405 నానోమీటర్ల ఊదారంగుకు 3.06, అందులోంచి 2.30 తీసేస్తే నిరోధక పొటెన్షియల్ 0.76 ఓల్టులు. అదే దీపపు ఆకుపచ్చకు, అంటే 546 నానోమీటర్లకు, శక్తి 2.27 మాత్రమే, జవాబు మైనస్ 0.03. ఇక్కడే చాలామంది విద్యార్థులు ఎక్కడో తప్పు చేశామనుకొని మైనస్ గుర్తును రబ్బరుతో చెరిపేస్తారు. అలా చెరపడం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఎలక్ట్రాన్ బయటికి రాదన్న సంగతిని చెబుతున్నది ఆ గుర్తే. దీపాన్ని ఎంత దగ్గరికి జరిపినా ఫోటాన్ల సంఖ్య పెరుగుతుందే తప్ప ఒక్కొక్క ఫోటాన్ శక్తి పెరగదు.

అయితే ఆకుపచ్చ ఫిల్టరు పెట్టినప్పుడు ఈ గొట్టంలో మీటరు ముల్లు నిజంగానే కదులుతుంది. పుస్తకం తప్పా, గొట్టం తప్పా అన్న సందేహానికి జవాబు, రెండూ తప్పు కావన్నదే: 2.30 అన్నది శుభ్రమైన పొటాషియం ముద్దకు చెందిన విలువ, ఇక్కడున్నదేమో మరో పొర మీద పలుచగా పరచిన పూత, దానికి తక్కువ శక్తి చాలు. అంతకన్నా లోతైన చిక్కు మరొకటుంది. రెండు వేర్వేరు లోహాలను తీగతో కలిపినప్పుడు వాటి మధ్య తనంతట తానే ఏర్పడే స్పర్శ పొటెన్షియల్ కొలతలో కలిసిపోవడం వల్ల, మీటరు చూపే నిరోధక విలువలోకి కాథోడ్‌ది కాక ఆనోడ్ పని ప్రమేయం వచ్చి చేరుతుంది. 1905లో ఐన్‌స్టైన్ ఇచ్చిన సమీకరణాన్ని ఏళ్ల తరబడి పరీక్షించి 1916లో ఫలితాలు ప్రచురించిన మిలికన్, శూన్యంలోనే సోడియం, లిథియం వంటి లోహాల పైపొరను కత్తితో చెక్కి తాజా తలం మీద కొలతలు తీసుకున్నాడు. స్పర్శ పొటెన్షియల్‌ను విడిగా కొలిచాడు.

అంత సరంజామా లేని ఈ గొట్టానికి తీసివేత ఒక్కటే దిక్కు. ఊదారంగు విలువ నుంచి ఆకుపచ్చ విలువను తీసేస్తే లోహాల గొడవ రెండు వైపులా కొట్టుకుపోయి దాదాపు 0.79 ఓల్టులు మిగలాలి. దానిని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణించి, రెండు రంగుల పౌనఃపున్యాల తేడా అయిన 1.91 × 10¹⁴ హెర్ట్‌జ్‌తో భాగిస్తే ప్లాంక్ స్థిరాంకం 6.6 × 10⁻³⁴ జౌల్ సెకన్లుగా చేతికొస్తుంది.

ఊరి వాతావరణం కూడా ఈ కొలతలో వేలు పెడుతుంది. మే నెల ఎండలకు గది కాగిపోతే చీకట్లోనే కొన్ని ఎలక్ట్రాన్లు వేడికి బయటపడతాయి. నవంబరు ముసురులో గాజు మీద చేరిన తేమ గుండా విద్యుత్తు కారిపోయి ముల్లు సున్నాకు రానంటుంది, అప్పుడు స్పిరిట్ అద్దిన దూదితో గొట్టం మెడను తుడవాలి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలోని గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధనశాల లైడార్ రాత్రిపూట ఆకాశంలోకి పంపే 532 నానోమీటర్ల లేజరు వెలుగులో తిరిగి వచ్చిన కొద్దిపాటి ఫోటాన్లను లెక్కపెట్టే ఫోటోమల్టిప్లయర్లు ఈ గొట్టానికి దగ్గర చుట్టాలే.

ప్రయోగం మధ్యలో కరెంటు పోతే మెర్క్యురీ దీపం వెంటనే వెలగదు, చల్లారేదాకా ఆగాలి. ఆ కొద్ది నిమిషాల్లో విద్యార్థి రికార్డు తెరిచి, చెరిపేసిన మైనస్ గుర్తును మళ్లీ రాసుకొని, దాని పక్కనే ముల్లు కదిలిన సంగతిని కూడా నమోదు చేస్తే, దీపం వెలిగాక ఊదారంగు ఫిల్టరుతో కొలత మళ్లీ మొదలవుతుంది.