ఇద్దరి సంతకం

మాధవరం పాల కాలనీ దగ్గర ఉండే పెద్దాయన పెరంబూరు క్యారేజ్ వర్క్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని మోసం చేసినవాడు ఇంతవరకు పుట్టలేదని వీధిలో పేరు. కూరలబండివాడు ఆయన గుమ్మం ముందుకు రాగానే తక్కెడ సరిచూసుకుంటాడు. చీటీ కట్టమని వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు.

సర్వీసులో ఉన్నన్నాళ్లు రైల్వే వాళ్లు ఏడాదికి మూడు సెట్ల ప్రివిలేజ్ పాసులు ఇచ్చేవాళ్లు. వాటిని కూడా ఆయన దుబారా చెయ్యలేదు. గూడూరులో పెళ్లి, సూళ్లూరుపేటలో కర్మ, తిరుపతిలో మనవడి పుట్టువెంట్రుకలు. పని పడితేనే పాసు రాయించేవాడు. తక్కినవి ఏడాది ఆఖరికి వాటంతటవే మురిగిపోయేవి. రిటైరయ్యాక ఏడాదికి రెండు సెట్లు వస్తున్నాయి. అవీ అంతే.

ఒక ఆదివారం మూలకడై సూపర్‌మార్కెట్లో బిల్లుతోపాటు కూపను ఇచ్చారు. పేరు, ఫోను నంబరు రాసి డబ్బాలో వెయ్యాలి. పెద్దాయన బిల్లు కూడిక సరిచూసుకుంటుంటే ఆయన భార్య తన నంబరు రాసి వేసింది. వారం తిరక్కుండా ఫోనొచ్చింది.

అటువైపు ఆడపిల్ల. పేరు చూసి తెలుగులోనే మొదలుపెట్టింది. తనది నాయుడుపేట అంది. లక్కీ డ్రాలో మీ పేరు వచ్చింది, చవగ్గా హోటల్లో గది ఇస్తాం, కొన్ని వివరాలు చెప్పండి అంది. వయసెంత? సారు ఏం చేస్తారు? పిల్లలెందరు? ఆవిడ అన్నిటికీ టకటకా చెప్పేసింది.

"హిల్సా, బీచా అమ్మా?"

"ఎవరికి?"

"మీకేనమ్మా. మీకు ఎక్కడికి వెళ్లాలని ఉంది?"

ఆవిడ మాట్లాడలేదు. లైను కట్టయిందనుకుని ఆ పిల్ల రెండుసార్లు హలో అంది.

"కొండెక్కే పొగబండి ఒకటి ఉంటుంది చూడు," అంది ఆవిడ. "అది ఎక్కాలని."

"ఊటీ ట్రెయిన్ అమ్మా. రాసుకున్నాను."

పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "అందులో చూడ్డానికి ఏముందే? మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. 250 వంతెనలు, 16 సొరంగాలు. కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల కడ్డీ. పన్నెండడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు. ఊటీకి బండి చేరింది 1908లో. యునెస్కో వాళ్లు గుర్తించింది 2005లో." అన్నీ ఆయనకి నోటికొచ్చు. యూనియన్ మహాసభలకి కోయంబత్తూరు వెళ్లినప్పుడు మిత్రులతో కలిసి ఆ బండి ఎక్కి వచ్చాడు.

ఫోను ఆయన చేతికి మారింది. రోజుకి ఏడువేలు పలికే గది, రెండు రాత్రులు, మూడు పగళ్లు, మొత్తం 2,499 రూపాయలు. పన్నుతో కలిపా, విడిగానా? కలిపే. ఉదయం టిఫిను? అందులోనే. మళ్లీ మొదటినుంచి అడిగాడు. ఆ పిల్ల మళ్లీ మొదటినుంచి చెప్పింది. అక్కడికక్కడే గూగుల్ పేలో కట్టేశాడు. బేరం బాగుంది అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ బీరువా అడుగు అరలోంచి శాలువా తీసి మిద్దె మీద ఎండలో ఆరేసింది.

ఆ మధ్యాహ్నానికి మెయిలొచ్చింది. ఫోనులో చదివినదాన్ని పెద్దాయన లెక్కలోకి తీసుకోడు. జిరాక్సు షాపుకి వెళ్లి ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు పేజీలు. మొదటి పేజీలో కొండలు, పూలు, నవ్వుతున్న జంట. నాలుగో పేజీలో చీమల బారులా సన్న అక్షరాలు.

రెండో రోజు ఉదయం భార్యాభర్తలిద్దరూ హోటలు హాల్లో 90 నిమిషాల ప్రెజెంటేషన్‌కి కూర్చోవాలి. ఒక్కరే వచ్చినా, మధ్యలో లేచినా గదికి అసలు అద్దె కట్టాలి. రద్దు చేసుకోవాలంటే పది రోజుల్లోగా చెన్నై ఆఫీసుకి ఇద్దరూ వచ్చి సంతకాలు చెయ్యాలి.

పెద్దాయన ఆ మూడు వాక్యాల కిందా గీతలు గీశాడు.

"టైంషేరు," అన్నాడు. "అనుకున్నాను."

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆయన వివరించాడు. ఈ వ్యాపారం 1960ల్లో ఐరోపాలో పుట్టింది. మన దేశంలో దీనికి పుట్టిల్లు ఈ చెన్నై. 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్, రెండూ ఇక్కడ పుట్టినవే. ఇది ఆ రెండూ కాదు, ఎవరో మూడోవాళ్లు. సూత్రం మాత్రం ఒకటే. హోటలు గది కొనరు. ఆ గదిలో ఏడాదికి ఏడు రోజులు కొంటారు. పాతికేళ్లకి. ఏడాదిని రంగులుగా విడగొడతారు. ఎండాకాలం సెలవులకి ఒక రంగు, వానాకాలానికి ఒక రంగు. చవక రంగు కొంటే ఊళ్లో వాన చూసి రావాలి. మొత్తం డబ్బు కట్టేసినా ఏటేటా మెయింటెనెన్సు కట్టాలి. వెళ్లినా, వెళ్లకపోయినా.

"వెళ్లకపోయినానా?" అంది ఆవిడ.

"వెళ్లకపోయినా. వాడుకోని రోజులు కొన్నాళ్లు చూసి మురిగిపోతాయి. చేతికొచ్చినవాటిని అలా మురగబెట్టుకునే మనుషులుంటారా అంటే, ఉంటారు."

ఆవిడ తల ఎత్తి ఆయన్ని చూసింది. మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

వర్క్స్‌లో ఆయనతో పనిచేసిన ఫిట్టరు సంగతి కూడా చెప్పాడు. డిన్నర్ సెట్టు ఇస్తామంటే అతను పెళ్లాన్ని తీసుకుని ఇలాంటి మీటింగుకే వెళ్లాడు. హాల్లో పాటలు పెట్టారు. కాఫీ ఇచ్చారు. ఎవరైనా సంతకం పెడితే మైకులో పేరు చదివి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. అతను లేవబోతే ఇంకో పై ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. ఈ ధర ఈ రోజుకే అన్నాడు. ఫిట్టరు డిన్నర్ సెట్టు తెచ్చుకున్నాడు. మూడు లక్షలకి వాయిదాలు కడుతున్నాడు.

"మనం వెళ్లి, వాళ్లు చెప్పేది వినేసి, వద్దు అనేస్తే?" అంది ఆవిడ. "గంటన్నరే కదా."

"నీకు వద్దనడం చేతకాదు," అన్నాడు పెద్దాయన.

శాలువా మళ్లీ బీరువాలోకి వెళ్లింది.

పెద్దాయన ఊరికే వెళ్లి చేతులు కట్టుకుని నిలబడే రకం కాదు. ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకున్నాడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019. అమల్లోకి వచ్చింది 2020 జులై 20. లోపమున్న సేవకి బిల్లులో చెప్పిన గడువులోగా డబ్బు వాపసివ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. గడువు రాసి లేకపోతే 30 రోజులు. అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. హెల్ప్‌లైన్ నంబరు 1915. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసు మౌంట్ రోడ్డులో. బస్‌స్టాపులో రెండు డీలక్సు బస్సులు వచ్చాయి. పెద్దాయన ఎక్కనివ్వలేదు. 2021 నుంచి సాదా బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. సాదా బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డారు. మూలకడైలో మెట్రో తవ్వకాల దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. ఆవిడకి కిటికీ పక్కన సీటు దొరికింది.

ఆఫీసు మూడో అంతస్తులో. మేనేజరు మనవడి వయసువాడు. లేచి నిలబడి ఇద్దరికీ నమస్కారం పెట్టాడు. టీ తెప్పించాడు. పెద్దాయన టీ ముట్టుకోలేదు. టీ తాగితే మాట మెత్తబడుతుందని ఫిట్టరు చెప్పి ఉన్నాడు.

"క్యాన్సిల్ చెయ్యాలి," అన్నాడు.

"ఎందుకు సార్? ఒక రాత్రి ఎక్స్‌ట్రా ఇస్తాను."

"వద్దు."

"భోజనం కూడా మాదే."

"వద్దు."

"ప్రెజెంటేషన్ మీకు ఇబ్బందయితే సగానికి తగ్గిస్తాను సార్."

పెద్దాయన జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, బల్ల మీద పరిచాడు. చట్టం పేరు, సంవత్సరం, ఫోను నంబరు వరుసగా చదివాడు. మేనేజరు ఓపిగ్గా విన్నాడు. కంప్యూటరులో ఏదో చూశాడు. ఆవిడ వైపు చూశాడు.

"ఒక పని చేద్దాం సార్. ప్రెజెంటేషన్ తీసేస్తాను. మీకోసమే. మెయిల్లో రాసిస్తాను. ఏ హాల్లోనూ కూర్చోనక్కర్లేదు. అదే డబ్బు, అదే గది. ఇద్దరూ హాయిగా వెళ్లి రండి. అమ్మగారికి ఊటీ ట్రెయిన్ ఇష్టమని ఇక్కడ రాసి ఉంది."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

పెద్దాయన నవ్వాడు. ముప్ఫై ఏళ్లకి పైగా కాంట్రాక్టర్లని చూసినవాడు. "షరతు పెట్టి ఇచ్చేవాణ్ణయినా నమ్మొచ్చు బాబూ. షరతు లేకుండా ఇచ్చేవాణ్ణి అసలు నమ్మకూడదు."

మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మగారూ, మీరేమంటారు?"

"ఆవిడదేముంది," అన్నాడు పెద్దాయన. "ఫారం ఇవ్వండి."

ఫారం వచ్చింది. రద్దుకి కారణం అన్నచోట పెద్దాయన ఇంగ్లీషులో గుండ్రంగా రాశాడు. మా ఇద్దరికీ ఆసక్తి లేదు. 2,499 రూపాయలు ఏడు పనిదినాల్లో ఖాతాలో పడతాయని మేనేజరుచేత చేతిరాతతో రాయించుకున్నాడు. కింద సీలు వేయించుకున్నాడు. సీలు సరిగా పడలేదని ఇంకోటి వేయించుకున్నాడు. తన పేరున్న గడులన్నీ నింపి సంతకం చేశాడు.

ఇద్దరి ఆధార్ కాపీలు కావాలన్నారు. పెద్దాయన తనది మూడు కాపీలు తెచ్చాడు. ఆవిడది తేలేదు. ఆవిడ కార్డు తీసుకుని, కింద జిరాక్సు తీయించుకొస్తానని లేచాడు. ఈలోగా ఏం చెప్పినా దేనికీ ఒప్పుకోవద్దని ఆవిడకి చెప్పి లిఫ్టు ఎక్కాడు.

మేనేజరు ఫోను మాట్లాడుతూ లోపలి గదిలోకి వెళ్లాడు. ఫారం పట్టుకుని ఒక పిల్ల వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఇక్కడ మీ సంతకం కావాలమ్మా."

ఆవిడ గొంతు గుర్తుపట్టింది. "నాయుడుపేట పిల్లవి కదూ?"

"అవునమ్మా. మీతో మాట్లాడింది నేనే."

ఆవిడ తెలుగులో, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది. ఆ పిల్ల తక్కిన గడులు ఒక్కొక్కటే చదివి, అడిగి, నింపింది. అన్నీ అయ్యాక ఆఖరి గడి దగ్గర పెన్ను ఆపింది.

"ఇకముందు మా కంపెనీ నుంచి ఫోన్లు చెయ్యొచ్చా అని ఉందమ్మా. సార్ ఆయన గడిలో వద్దని టిక్కు పెట్టారు. మీ గడిలో కూడా వద్దని పెట్టేస్తున్నాను."

"ఆగమ్మాయ్," అంది ఆవిడ. లిఫ్టు వైపు ఒకసారి చూసింది. "మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి. ఆ వేళప్పుడు ఆయన నిద్రపోతుంటారు."