పిక్కర్ అరిగిన సాక్సోఫోన్

మా ఇల్లు షోలాపూర్ పూర్వభాగ్‌లో, అశోక్ చౌక్‌కి కూతవేటు దూరంలో ఉంటుంది. ఇక్కడ కూత వినపడదు గనక ఆ దూరం ఎంతో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. మా ఇంటి కింద నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు. పక్కింట్లో ఆరు. వెనక సందులో ఎన్నో లెక్కపెట్టినవాడు లేడు. పొద్దున మొదలైతే చద్దర్లు, టవళ్లు, చద్దర్లు, టవళ్లు. మా వీధిలో మనుషులు మెల్లగా మాట్లాడుకోవడం నేర్చుకోలేదు. పెళ్లిచూపులకు వచ్చిన ఊరివాళ్లు కట్నం దగ్గర కొట్లాట మొదలైందనుకుంటారు. తీరా చూస్తే అది చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యాలని అడగడం.

ఇలాంటి చోట పుట్టినవాడికి రికార్డులు పోగుచేసే పిచ్చి పట్టడమే తప్పు. పట్టింది. మొదట్లో బుద్ధిగా బాలమురళిగారితోనే మొదలుపెట్టాను. ఆయన ఆలాపన నెమ్మదిగా ఎత్తుకుంటారు. కింద సాంచె మాత్రం మొదటి క్షణం నుంచే తాళం వేస్తుంది, అదీ తనకు తోచిన తాళం. నాలుగు సాంచెలకు నాలుగు తాళాలు. ఆలాపన ఏ రాగమో తేలేలోపు కింద ఒక టవల్ పూర్తవుతుంది. సరే, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు విందామనుకున్నాను. మా పేటలో నిశ్శబ్దం వచ్చేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే ప్లేయర్ తిరగదు. ప్లేయర్ తిరిగితే సాంచె కూడా తిరుగుతుంది. ఈ చిక్కుముడితో కొన్నేళ్లు గడిచాయి.

ముడి విప్పింది ముంబై. మా మేనమామ కామాటిపురలో ఉంటాడు. ఆ పేట పేరు విని చెవులు మూసుకునేవాళ్లకు ఒక్క మాట: నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్లిన మన తెలుగు కామాటీల పేరే దానిది. అక్కడినుంచి నడిచి వెళ్లేంత దూరంలో చోర్ బజార్. రాత్రి సిద్ధేశ్వర్ రైలు ఎక్కితే తెల్లారేసరికి ముంబై. శుక్రవారం పొద్దున్నే మటన్ స్ట్రీట్‌లో పాత రికార్డుల గుట్ట ముందు కూర్చుని దుమ్ము మింగుతుంటే ఒక అట్ట కనబడింది. అట్టకు కిటికీలాగా ఒక కంత. కంతలోంచి లోపలి బొమ్మ ముక్క కనబడుతోంది. అట్ట తెరిస్తే మొత్తం బొమ్మ: చిక్కుపడిన నూలు లడి! నేను నూలు దుకాణంలో గుమాస్తాని. ఇలాంటి లడి వస్తే సరుకు వాపస్ పంపడం నా ఉద్యోగం. జీవితంలో మొదటిసారి చిక్కునూలును డబ్బిచ్చి కొన్నాను. ఆ బొమ్మ జాక్సన్ పొలాక్ అనే అమెరికా చిత్రకారుడిదని తరవాతెప్పుడో తెలిసింది.

ఆ రికార్డు పేరు ఫ్రీ జాజ్. 1960 డిసెంబరు 21న న్యూయార్క్‌లో ఆర్నెట్ కోల్మన్ అనే సాక్సోఫోన్ విద్వాంసుడు ఏడుగురిని వెంటబెట్టుకుని చేశాడు. నలుగురేసి రెండు జట్లు. ఒక జట్టు మన ఎడమ చెవికి, ఇంకోటి కుడి చెవికి. ముందుగా అనుకున్న రాగం లేదు. మధ్యమధ్య అందరూ కలిసి పలికే చిన్న చిన్న ముక్కలు తప్ప మిగతాదంతా ఒకడు వాయించేది విని ఇంకొకడు అప్పటికప్పుడు అల్లడమే. దాదాపు ముప్పై ఏడు నిమిషాలు. కోల్మన్ అంతకుముందు లాస్ ఏంజిలెస్‌లో ఒక పెద్ద దుకాణంలో లిఫ్టు నడిపేవాడు. తెల్లటి ప్లాస్టిక్ సాక్సోఫోన్ వాయిస్తే తోటివాళ్లు నవ్వారట. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముల్లు విరిగిందేమోనని భయం వేసింది.

ముల్లు బాగానే ఉందని తేలాక రెండోసారి పెట్టాను. అప్పుడు అర్థమైంది, ఇది నేను చిన్నప్పటినుంచీ విన్నదే. గణపతి నిమజ్జనం రోజు కన్నా చౌక్‌లో రెండు మండళ్లు ఎదురైతే ఒకవైపు హల్గీ, లేజిమ్, ఇంకోవైపు బ్యాండు. ఎవరూ ఆపరు. ఆపితే పరువు పోతుంది. మధ్యలో నిలబడ్డవాడి ఎడమ చెవి ఒక మండలిది, కుడి చెవి ఇంకో మండలిది. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆ రికార్డును కింది సాంచెలు ఏమీ చెయ్యలేకపోయాయి. బాలమురళిగారిని ఓడించిన సాంచె, కోల్మన్ దగ్గర తొమ్మిదో వాద్యమై కూర్చుంది.

ఆ రోజునుంచి నేను మనిషిని కాదని మా ఇంటామె అభిప్రాయం.

ఈ పిచ్చిలో సగం వినడం, సగం అనుమానం. జాన్ కోల్ట్రేన్ 1965లో మరో పదిమందితో అసెన్షన్ అనే రికార్డు చేశాడు. అదే ముక్కను రెండుసార్లు వాయించారు. మొదట ఒకటి బజార్లోకి వచ్చింది. తరవాత ఆయన, కాదు, ఇంకోటే నాకిష్టం అన్నాడు. కంపెనీవాళ్లు అట్ట మార్చలేదు, నంబరు మార్చలేదు, లోపలి సంగీతం మార్చేశారు! రికార్డు చివర నున్నటి పట్టీ మీద సన్నగా గీకిన ‘ఎడిషన్ రెండు’ అన్న గుర్తొక్కటే ఆధారం. నేను చోర్ బజార్‌లో టార్చి వేసి పట్టీ చూస్తుంటే దుకాణదారు నన్ను పోలీసనుకున్నాడు. మా ఆమెకు చెబితే అందులో వింతేముందంది. షోలాపూర్ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చాక కూడా, ఎక్కడో నేసి మన ఊరి లేబుల్ కుట్టినవి దేశమంతా అమ్ముతున్నారు కదా, వాళ్లూ అంతే అని తీర్పు చెప్పింది. కోల్ట్రేన్‌ను నకిలీ చద్దర్ల కేసులో ఇరికించినందుకు రెండు రోజులు నేను మాట్లాడలేదు. సాంచెల చప్పుడులో ఆమె అది గమనించలేదు.

ఆమెకు నచ్చిన రికార్డు కూడా ఒకటుంది. ఆల్బర్ట్ ఐలర్ వాయించిన బెల్స్, 1965 నాటి కచేరీ. దాన్ని ఒకవైపే అచ్చువేశారు. రెండోవైపు గాళ్లు లేవు, పాట లేదు. మా మేనల్లుడు అమెరికా నుంచి చాక్లెట్లకు బదులు సెకండ్ హ్యాండ్ ప్రతి ఒకటి మోసుకొచ్చాడు. ఒకవైపు విన్నాక ఆమె స్వయంగా లేచి, తిప్పిపెట్టి, “గీ దిక్కు మంచిగున్నది,” అంది.

అత్తమ్మది వేరే కథ. ఆవిడ దేవుడి అరలో సత్యసాయిబాబా ఫొటో ఉంటుంది. కోల్ట్రేన్ భార్య ఆలిస్ హార్ప్, పియానో వాయించేదనీ, భర్త పోయాక తురీయసంగీతానంద అని పేరు మార్చుకుని బాబా భక్తురాలైందనీ ఒకసారి నోరు జారాను. ఆలిస్ 1971 నాటి రికార్డులో తంబురా కూడా ఉంది. ఇప్పుడు ఆ రికార్డు అరలో ఊదుబత్తి పక్కన ఉంటుంది. వినాలంటే ముందు స్నానం చెయ్యాలి.

అసలు శ్రోత దొరికింది మాత్రం ఇంట్లో కాదు, మెట్ల మీద. కింది కార్ఖానాలో ముప్పై ఏళ్లు జాబర్‌గా చేసి మానేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వరసకు మామ. సాంచె ఒంటి మీద చెయ్యి వేయకుండానే, వాకిట్లో బీడీ తాగుతూ, మూడో సాంచెలో ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. ఒకరోజు నేను పీటర్ బ్రోట్జ్‌మన్ మెషిన్ గన్ పెట్టాను. జర్మనీలో బ్రేమెన్‌లో 1968 మేలో ఎనిమిది మంది చేసిన రికార్డు. బ్రోట్జ్‌మన్ చిత్రకళ చదువుకున్నవాడు. తనే ఖర్చు పెట్టుకుని మొదట మూడు వందల ప్రతులు వేశాడు. మా వీధిలో అంతకంటే ఎక్కువ టవళ్లు ఒక్క పూటలో దిగుతాయి. నా దగ్గరున్నది సీడీ. మొదటి మోత మోగగానే మామ మెట్లెక్కి పరుగున వచ్చాడు.

“అల్లుడూ, బంద్ చెయ్! ఎడమ దిక్కు సాంచెకు నాడెను కొట్టే పిక్కర్ అరిగింది. నాడె ఎగిరి బయట పడ్తది. ఎవనిదన్న కన్ను పోతది!”

సాంచె కాదు మామా, సంగీతం అన్నాను. నమ్మలేదు. కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఐదు నిమిషాలకు వేలు లేపి, ఇద్దరు కొడుతున్నారు అన్నాడు. నిజమే, అందులో ఇద్దరు డ్రమ్మర్లు. ఇంకాసేపటికి, తీగలవి పెద్దవి కూడా రెండున్నాయి, ఒకటి గోడకు దగ్గర అన్నాడు. అట్ట మీద బాస్ వాయించేవాళ్లు ఇద్దరే! గోడ సంగతి అట్ట మీద రాయలేదు. నేను ఆరు నెలలు విని పట్టుకున్నవి ఆయన ఒక్క బీడీ కాలేలోపు విడదీసి పెట్టాడు.

“మొదటిపాలి తప్పనుకున్న,” అన్నాడు లేస్తూ. “గదే తప్పు మళ్ల మళ్ల వస్తే తప్పెట్లైతది? డిజైన్.”

తరవాత రోజూ వస్తున్నాడు. తెలుగోళ్లెవరూ ఇందులో లేరా అని ఒకసారి అడిగాడు. పాలకొల్లు పిల్లాడు మాండలిన్ శ్రీనివాస్ 1983లో, మీసాలు కూడా రాని వయసులో, బెర్లిన్ జాజ్ పండగలో వాయించాడని చెప్పాను. అది ఫ్రీ జాజ్ కాదు, శుద్ధమైన మన సంగీతమే. ఆ ముక్క మామకు చెప్పలేదు. ఆయన మాత్రం “మన పోరడే గదా” అని వీధంతా చెప్పి వచ్చాడు.

మొన్న ఎండాకాలం ఇన్వర్టర్ కొన్నాను. ఫ్యాను కోసమని ఇంట్లో చెప్పాను. అసలు ఉద్దేశం మీకు తెలిసే ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారి ఊపిరి బిగబట్టాయి. వీధి చివర ఎవరో దగ్గారు, వినబడింది. పనివాళ్లంతా బయటికొచ్చి అరుగుల మీద కూలబడ్డారు. ఇన్నేళ్లకు నాకు నిశ్శబ్దమూ, కరెంటూ ఒకేసారి దొరికాయి. మెషిన్ గన్ పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, కుర్చీలో వెనక్కి వాలాను.

అర నిమిషం కాలేదు, కింద పరుగుల చప్పుడు. అరుగుల మీదివాళ్లంతా లేచి కార్ఖానాల్లోకి దూరారు. పక్కింటి సేటు పైజామా ఎగ్గట్టి వచ్చి స్విచ్చులన్నీ వేశాడు. ఒక్క సాంచె కదల్లేదు. అందరూ రోడ్డు మీదికొచ్చి మా కిటికీకేసి చూశారు.

“మీ ఒక్కింటికే లైటెట్లొచ్చింది?” అని సేటు అరిచాడు.

మెట్ల మీదినుంచి మామ చెయ్యి ఊపాడు. “లైట్ రాలే సేటూ! మావోళ్లు జర్మనీల నడుపుతున్నరు.”