షిప్పింగ్ సత్తెన్న

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా షిప్పింగ్ సత్తెన్న లేని గల్లీ లేదు. ఒకచోట ఫోన్ కవర్లు అమ్ముతుంటాడు, ఒకచోట కుర్తీలు, జగదీష్ మార్కెట్ వైపు ఇయర్‌ఫోన్లు. నేను చెప్పబోయే సత్తెన్నది పాత పుస్తకాల వ్యాపారం. ఆదివారం షాపులకు షట్టర్లు దింపి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తాడు. సోమవారం నుంచి శనివారం వరకు అవే పుస్తకాల్ని ఇన్‌స్టాలోనూ వాట్సాప్ గ్రూపులోనూ పరుస్తాడు. సరుకు అదే, మనిషి అదే. రేటు మాత్రం వారం చూసుకుని నడుస్తుంది.

ఆదివారం నాడు అతను సాదాసీదా మనిషి. నవల చేతిలోకి తీసుకుంటే వంద అంటాడు. మీరు నలభై అంటారు. పుస్తకం లాక్కున్నంత పని చేస్తాడు. మీరు నాలుగడుగులు వేస్తారు. "అరె, రాండ్రి సార్, బోణీ టైం, డెబ్బై ఇయ్యిండ్రి" అంటాడు. ఎండ ఇద్దరి నెత్తి మీదా సమానంగానే ఉంటుంది. చివరికి అరవైకి తెగుతుంది.

సోమవారం అలాంటి నవలకే ఫొటో తీసి, కింద "ఓన్లీ 49/-" అని పెడతాడు. నిన్న అరవై ఇచ్చినవాడు అది చూసి ఉసూరుమంటాడు. కొత్తవాడు ఎగిరి గంతేసి "నాకు కావాలన్నా" అని మెసేజ్ కొడతాడు. సత్తెన్న అడ్రస్ అడుగుతాడు, పిన్ కోడ్ అడుగుతాడు, ల్యాండ్‌మార్క్ అడుగుతాడు, పగటిపూట ఇంట్లో ఎవరుంటారో అడుగుతాడు. అన్నీ చెప్పి, ఇక పుస్తకం మనదే అనుకున్నాక, చల్లగా ఒక మాట వస్తుంది.

"షిప్పింగ్ అలగ్ ఉంటది సార్."

"ఎంత?"

"మీకైతే నూట ఇరవై."

మీకైతే అన్నాడంటే ఇంకొకరికి ఇంకో రేటు ఉందన్నమాటే. కొరియర్ కంపెనీలకు జోన్లుంటాయి. ఊళ్లోనే అయితే ఒక రేటు, పక్క రాష్ట్రానికి ఒకటి, మెట్రో నగరాలకు ఒకటి, ఈశాన్య రాష్ట్రాలకూ కశ్మీరుకూ ఇంకాస్త పైన. సత్తెన్న జోన్లు వేరు. గచ్చిబౌలి, 500032 అని కనపడితే అది మొదటి జోన్: దూరం తక్కువే గానీ జీతం ఎక్కువ. ప్రొఫైల్ ఫొటోలో కారుంటే రెండో జోన్. "లాస్ట్ ప్రైస్ ఎంత?" అన్నవాడు మూడో జోన్. వాడికి ఇరవై కలిపి, పది తగ్గించి, పుణ్యం కట్టుకుంటాడు. "సత్తెన్నా, బాగున్నవా? పిల్లలు బాగున్నరా?" అని మొదలుపెట్టే వరంగల్ పంతులుగారు నాలుగో జోన్. ఆయనకు నోరు జారి అసలు రేటు చెప్పేసి, సాయంత్రం దాకా బాధపడతాడు. ఒకే పేరున్న ఊళ్ల మధ్య ఉత్తరాలు తప్పిపోకూడదని తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పెట్టింది. సత్తెన్న ఆ ఆరంకెల్లో మనిషి జాతకం చూస్తాడు.

డాలస్ నుంచి మెసేజ్ వస్తే జోన్లన్నీ రద్దు. ఏ పుస్తకం అడిగారో కూడా చూడకుండా "ఇంటర్నేషనల్ ఉంటది సార్, కనుక్కొని చెప్తా" అంటాడు. ఇరానీ హోటల్‌కి పోయి చాయ్ తాగి వచ్చి చెప్తాడు. ఆ చాయ్‌కి వేరే లెక్కుండదు, చార్జీలోనే కలిసిపోతుంది.

ఇక తూకం సంగతి. కొరియర్ కుర్రాడి దగ్గర సత్తెన్న ఒక మంత్రం నేర్చుకున్నాడు: వాల్యూమెట్రిక్. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే కిలోల్లో ఒక అంకె వస్తుంది. ఆ అంకె, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. బరువు లేని సరుకైనా బండిలో చోటు తింటుంది గదా అని కంపెనీల వాదన. అందులో న్యాయం ఉంది. ఆ న్యాయం సత్తెన్న చేతిలో పడింది, అంతే.

ట్రూప్ బజార్‌లో నల్లాలు, షవర్లు అమ్మే షాపుల వెనక పడేసిన అట్టపెట్టె ఒకటి అతని దగ్గరుంది. పొడవు 30, వెడల్పు 22, ఎత్తు 10 సెంటీమీటర్లు. గుణిస్తే 6600, భాగిస్తే కిలో మూడు వందల ఇరవై గ్రాములు. లోపల పెట్టే నవల 270 గ్రాములు. డబ్బాలో నవల పెట్టి, పక్కన టేపు చుట్ట పెట్టి, ఫొటో తీసి పంపుతాడు. "అన్నా, దీని మీద షవర్ బొమ్మ ఉంది. నేను అడిగింది నవల" అని అవతలివాడు కంగారుపడతాడు. "సేఫ్టీ డబ్బా సార్ అది" అని జవాబు. ఫొటో దిగడం అయ్యాక డబ్బా మళ్లీ గూట్లోకి పోతుంది. ఆ డబ్బా ఇంతవరకు ఆబిడ్స్ దాటి పోలేదు. ఫొటోల్లో మాత్రం దేశమంతా తిరిగింది.

నవల పోయేది ఖాకీ కాగితంలో, ఆబిడ్స్ జనరల్ పోస్టాఫీసు నుంచి. కస్టమర్‌కి బరువు పెంచి చూపించిన సత్తెన్నే అక్కడ గ్రాము గ్రాముకీ ప్రాణం పెడతాడు. ఎందుకంటే 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ పుస్తకాల రిజిస్టర్డ్ ప్యాకెట్ సౌకర్యం ఎత్తేసింది. పుస్తకాలవాళ్లంతా లబోదిబోమన్నారు. సత్తెన్న కూడా అన్నాడు, అంటూనే షిప్పింగ్ మీద నలభై పెంచాడు. తర్వాత 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, అయిదు కిలోల దాకా పోతే 100, పన్ను వేరే. విమానం ఎక్కదు, నేల మీదే నిమ్మళంగా పోతుంది, కానీ ఎక్కడుందో చూసుకోవచ్చు. పెంచిన నలభై తగ్గించే సంగతి మాత్రం అతనికి ఇంకా గుర్తుకు రాలేదు.

కౌంటర్ తక్కెడ మీద పెడితే 304 వచ్చిందనుకోండి, సత్తెన్న ముఖం పాలిపోతుంది. పక్కకు తీసుకెళ్లి, చుట్టిన టేపులో ఒక వరస పళ్లతో పీకేస్తాడు. 298. అప్పుడు చిరునవ్వు.

"లోపల ఏముంది?" అని కౌంటర్‌లో మేడం అడుగుతుంది.

"పుస్తకం మేడం."

"ఏం పుస్తకం?"

జ్ఞాన్ పోస్ట్ చదువులకు, సామాజిక, సాంస్కృతిక, మత గ్రంథాలకు పెట్టింది. లోపలున్నది డిటెక్టివ్ నవల.

"సామాజికం మేడం. అండ్ల ఒక ఇన్‌స్పెక్టర్ సమాజాన్ని బాగు చేస్తడు."

ఇప్పుడు లెక్క చూద్దాం. కస్టమర్ కట్టిన షిప్పింగ్ 120. పోస్టాఫీసుకు పన్నుతో కలిపి 24. బేగం బజార్‌లో హోల్‌సేల్‌గా తెచ్చిన కాగితం, టేపు, అన్నీ కలిపి పది వేసుకుందాం. మిగిలింది 86. "పుస్తకం మీద నాకేం మిగలది సార్, పిల్లల మీద ఒట్టు" అని సత్తెన్న అంటే అక్షరాలా నిజం. పుస్తకం మీద మిగల్లేదు. మిగిలింది షిప్పింగ్ మీద.

నేరుగా పుస్తకం 135 అంటే పోయేది కదా, ఈ చాటుమాటు ఎందుకు అని మనకనిపిస్తుంది. 135 అంటే మనం ఊరుకోం. తరతరాల విద్య మనది. సగానికి అడుగుతాం, నాలుగడుగులు వేస్తాం. కొరియర్ వాడి పేరు చెప్పేసరికి నోరు పడిపోతుంది. అక్కడ లేని మనిషితో ఎవరు బేరమాడతారు? ఆ లేని మనిషి జేబులోనే సత్తెన్న తన లాభం దాచుకుంటాడు. ధర నలుగురూ చూసేది కాబట్టి దాన్ని తక్కువలో ఉంచుతాడు. షిప్పింగ్ ఇద్దరి మధ్య మాట కాబట్టి దానికి రెక్కలొస్తాయి.

ఇది నాంపల్లి తెలివే అనుకుంటే పొరపాటు. అమెరికాలో అమెజాన్ మీద పాత పుస్తకాలు ఒక్క సెంటుకే అమ్మేవారు; షిప్పింగ్ మాత్రం 3.99 డాలర్లు. ఈబేలో కమీషన్ వస్తువు ధర మీదే ఉండేది, కాబట్టి అక్కడి సత్తెన్నలు ధర దించి షిప్పింగ్ పెంచారు. కంపెనీకి ఆలస్యంగా తెలివొచ్చి, 2011లో షిప్పింగ్ మీద కూడా కమీషన్ పట్టడం మొదలుపెట్టింది. అంతెందుకు, మన ఆబిడ్స్ పేటకే ఒక దుకాణదారు పేరుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆర్మీనియన్, ఆల్బర్ట్ ఆబిద్. ఆయన దుకాణం సరుకు మహలుకు పోయి, మహలు నుంచి మళ్లీ దుకాణానికే చేరేదని ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. రానూపోనూ కిరాయి ఎవరు పెట్టుకున్నారో ఆ కథలో లేదు.

సత్తెన్న వైపు నుంచి కూడా నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. ఆ ఆరో నిజాం పేరు మోస్తున్న మహబూబ్‌నగర్ నుంచే 2007లో ఫ్లిప్‌కార్ట్‌కు మొదటి ఆర్డరు పోయింది, అదీ పుస్తకానికే. అది దొరక్క వాళ్లు బెంగళూరు షాపులన్నీ వెతికి పంపారట. 2010లో ఆ కంపెనీ సరుకు చేతికొచ్చాక డబ్బు కట్టే పద్ధతి పెట్టేసరికి దేశమంతా అదే కావాలంది. నిజానికి మన తాతలకది 1877 నుంచీ తెలుసు, వి.పి.పి. అనేవారు. పోస్ట్‌మాన్ గుమ్మంలోకి వచ్చాక "మేం తెప్పించలేదండీ" అనే విద్య కూడా అప్పటిదే. ఇప్పుడు దాని పేరు ఆర్‌టీఓ, రిటర్న్ టు ఆరిజిన్. కస్టమర్ ఉత్సాహంగా ఆర్డర్ పెడతాడు. పార్సిల్ వచ్చేసరికి ఫోన్ ఎత్తడు. కొరియర్‌లో పోవడానికి డెబ్బై, రావడానికి డెబ్బై, మొత్తం నూట నలభై సత్తెన్న నెత్తి మీద. ఆ నూట నలభైని బుద్ధిగా డబ్బు కట్టే ఏడుగురికి తలా ఇరవై పంచేస్తాడు. "ఆడు తీస్కోనిది మీరు కడ్తుండ్రు సార్, ఏం జేద్దాం?" అని అంత ప్రేమగా చెప్తే మనకే జాలేస్తుంది.

పైగా ఒకసారి నిజాయితీ కూడా చేసి చూశాడు. ఒక పాత కథల సంపుటికి "110, షిప్పింగ్ 34" అని ఉన్నదున్నట్టు పెట్టాడు. ఒక్కడు కూడా కొనలేదు. "షిప్పింగ్‌కి ముప్పై నాలుగా? దోపిడీ!" అని ఇద్దరు తిట్టిపోశారు. రెండు రోజులాగి అదే సంపుటిని "159, ఫ్రీ షిప్పింగ్" అని పెట్టాడు. గంటలో పోయింది. కొన్నది ఎవరో కాదు, మొన్న దోపిడీ అన్నవాళ్లలో ఒకడు. 144 చేదైంది, 159 తియ్యగా ఉంది. ఆ రోజు నుంచి సత్తెన్న నిజం చెప్పడం మానేశాడు. నిజానికి షిప్పింగ్ ఎక్కువ పడుతుంది, ఎవరూ భరించరు.

అయినా ఆ కస్టమర్‌నని ఏం లాభం? సత్తెన్నే ఓ రాత్రి పెద్ద యాప్‌లో టేపు చుట్టలు కొనబోయాడు. బిల్లు 460 అయింది, 499 దాటితే డెలివరీ ఉచితం అంది. డెలివరీకి నలభై కట్టడానికి మనసొప్పక, ఎనభై పెట్టి గోళ్లు తీసే కట్టరు జత చేశాడు. "నలభై మిగిలింది" అని భార్యకు గొప్పగా చెప్పాడు. ఆమె ఇంటి లెక్కలు చూసే మనిషి. ఇంట్లో ఇప్పటికే ఉన్న మూడు కట్టర్లు తెచ్చి వరసగా అతని ముందు పెట్టింది.

అలాంటి సత్తెన్నకు ఈ మధ్య ఒక సరిజోడు తగిలాడు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. 49 రూపాయల నవలకు సరేనన్నాడు. షిప్పింగ్ మాట రాగానే "నేనే వచ్చి తీస్కుంటా" అని, అన్నట్టే ఆదివారం పొద్దున్నే సంచి పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి దిగాడు.

"ప్యాకింగ్ అయిపోయింది గదా సార్" అన్నాడు సత్తెన్న నసుగుతూ. "హ్యాండ్లింగ్ ముప్పై అయితది."

మాస్టారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"ఇంటికి పంపించేటోనికి షిప్పింగ్ ఉన్నదంటే, ఇంటికి మోసుకపొయ్యేటోనికి గూడ ఉండాలె. రానూపోనూ నడక నాది, సంచి నాది. రోడ్డు దాటే రిస్కు నాది. మా ఆవిడకు కనపడకుండ లోపలికి తీస్కపోవుడు, అది ప్రత్యేకం. అన్నీ కలిపి ఎనభై అయింది. నీ నలభై తొమ్మిది, నీ ముప్పై కలిపితే డెబ్బై తొమ్మిది. ఇంకో రూపాయి నువ్వే నాకియ్యాలె."

చుట్టుపక్కల పుస్తకాలు తిరగేస్తున్నవాళ్లు తలలెత్తారు. సత్తెన్న కోపం తెచ్చుకోలేదు. కాగితం అందుకుని పై నుంచి కింది దాకా శ్రద్ధగా చదివాడు. తన వృత్తివాడే ఎదురైనప్పుడు కలిగే గౌరవం అతని ముఖంలో కనిపించింది.

"అంతా కరెక్టే సార్. మరి తూకం ఎట్ల ఏసిండ్రు? అసలు బరువా, వాల్యూమెట్రిక్కా?"

మాస్టారు ఒకసారి వంగి తన పొట్ట చూసుకున్నాడు.

"అసలుదే ఏసిన. వాల్యూమెట్రిక్ ఏస్తే నువ్వు కట్టలేవు."